గాజు వెనుక ప్రభువు: ఒక పాత పటం పని డైరీ

మార్చి 2

పటం ఇంటికొచ్చింది. మ్యూనిక్‌కి దక్షిణంగా, ఆల్ప్స్ కొండలు కనిపించే దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఫ్లీ మార్కెట్ పెట్టారు. ఒక పెద్దావిడ అత్తగారి ఇల్లు ఖాళీ చేస్తూ కాఫీ కప్పులకీ ఉన్ని కోట్లకీ మధ్య దీన్ని ఆనించి పెట్టింది. 35 యూరోలు. ఎక్కడిదండీ అని అడిగితే, ఎప్పుడూ మెట్ల పక్క గోడకే ఉండేది అంది. అంతకు మించి ఆవిడకీ తెలీదు.

ఎత్తు 27 సెంటీమీటర్లు, వెడల్పు 19. నల్లరంగు వేసిన చెక్క ఫ్రేము. దూరం నుంచి ప్రింటు అనుకున్నాను. చేతిలోకి తీసుకుని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే గాజు మీద సన్నటి అలలు కనిపించాయి. ముందువైపు వేలితో తడిమితే అంతా నున్నగా ఉంది, రంగు ఎక్కడా చేతికి తగల్లేదు. అప్పుడర్థమైంది, రంగంతా గాజుకి అవతలి వైపు ఉంది. జర్మన్‌లో వీటిని హింటర్‌గ్లాస్ బొమ్మలంటారు, గాజు వెనుక వేసినవి అని. వీటికి కాన్వాసు ఉండదు, చెక్క పలక ఉండదు. రంగు గాజునే పట్టుకుని ఉంటుంది, మనం గాజులోంచి చూస్తాం.

బొమ్మలో యేసు ప్రభువు నిలబడి ఉన్నాడు. నడుముకి తెల్లగుడ్డ. చేతులకీ నడుముకీ గొలుసులు. ఒళ్ళంతా కొరడా దెబ్బలు. వెనక ముదురు నీలం. పై మూలల్లో రెండు ఎర్ర పువ్వులు. అడుగున పసుపు పట్టీ మీద ఏవో అక్షరాలు, సగం రాలిపోయాయి. సంతకం లేదు, తేదీ లేదు. మోకాలి దగ్గర బొటనవేలంత మేర రంగు పూర్తిగా పోయి వెనకున్న చెక్క కనబడుతోంది.

ఈ బుధవారమే విభూతి బుధవారం. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం మొదలయ్యే వారంలో ఈ పటం చేతికి రావడం నాకు చిన్న విషయంలా అనిపించడం లేదు. రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, ఇక రంగు రాలకుండా చూడటం. రెండు, ఇది ఎక్కడ పుట్టిందో వీలైనంత దగ్గరగా తెలుసుకోవడం.

మార్చి 4

తప్పు చేశాను. రాసి పెట్టుకోవాల్సిందే.

వెనక చెక్క విప్పాను. లోపల దశాబ్దాల దుమ్ము. ఎక్కువ తడి లేకుండా దూది పుల్లని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, నీలం రంగు అంచు మీద ఒక్కసారి దొర్లించాను. దూది నీలంగా వచ్చింది. నా చిటికెన వేలి గోరులో పావు వంతు ఉంటుంది ఆ మచ్చ. ఎవరో వేసి, ఇన్ని చేతులు మారి ఇక్కడిదాకా వచ్చిన రంగు నా దూదికి అంటుకుంది. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

ఎందుకిలా అయిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కాన్వాసు మీద బొమ్మకి పైన వార్నిష్ ఉంటుంది, మురికి ఆ వార్నిష్ మీద కూర్చుంటుంది. అక్కడ తుడవడం అంటే ఒక కాపలా పొర మీద తుడవడం. ఇక్కడ ఆ కాపలా పని గాజు చేస్తోంది, కానీ ముందువైపు మాత్రమే. వెనక వైపు దుమ్ము నేరుగా రంగు మీదే పడింది. ఆ రంగులోని జిగురు ఎప్పుడో ఎండి పిండైపోయింది. కాన్వాసు పటాల గురించి చదివిన చదువుతో గాజు పటాన్ని ముట్టుకున్నాను.

ఆ దూదిని పారేయలేదు. చిన్న గాజు సీసాలో వేసి తేదీ రాశాను. రంగు పరీక్షకి ఎప్పుడైనా పనికొస్తుంది. ఇక తెలిసినవాళ్ళు చూసేదాకా దీన్ని ముట్టుకోను.

మార్చి 9

పాత పటాలు బాగుచేసే వృత్తిలో ఉన్న ఒక రెస్టోరర్ ఇంటికొచ్చి చూశారు. స్నేహితుల ద్వారా పరిచయం. పటాన్ని చూడగానే ఆవిడ చేసిన మొదటి పని, దాన్ని గోడకి ఆనించిన చోటు నుంచి తీసి బల్ల మీద బోర్లా పడుకోబెట్టడం. గాజు కిందికి, రంగు పైకి. నిలబెట్టి ఉంచితే ఊడిన పెచ్చు ప్రతిదీ కిందికి జారిపోతుంది. పడుకోబెడితే ఊడినా తన చోటులోనే ఉంటుంది. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

తర్వాత లాంప్ పెట్టి ముందు నుంచి చూపించారు. భుజం మీద, ముఖం పక్కన, నీలంలో అక్కడక్కడా బూడిదరంగు మచ్చలున్నాయి. నేను వాటిని మురికి అనుకున్నాను. అవి రంగు గాజుని వదిలేసిన చోట్లు. రంగుకీ గాజుకీ మధ్య సన్నటి గాలి పొర చేరితే వెలుగు అక్కడే తిరిగి వచ్చేస్తుంది, రంగు పాలిపోయి వెండిలా కనబడుతుంది. అంటే అక్కడ రంగు ఇంకా ఉంది, పట్టు మాత్రమే పోయింది. ఆ మాట విన్నాక మనసు తేలికపడింది.

గాజు కూడా మొండిదేమీ కాదట. పాత గాజులో క్షారం ఎక్కువగా ఉంటే, తేమ తగిలినప్పుడు అది బయటికి ఊరి గాజు మీద సన్నటి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మే రంగుని లోపల నుంచి నెట్టేస్తుంది. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, హీటర్ దగ్గర పెట్టకూడదు, ఎండ తగలకూడదు. తేమ కొలిచే చిన్న మీటరు బల్ల మీద పెట్టాను.

సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేస్తే పటం చూపించాను. "అదేంట్రా, దేవుడి పటాన్ని బోర్లా పడుకోబెట్టావు? గోడకి తగిలించి దండం పెట్టుకోవాలి గానీ" అంది. బోర్లా ఉంటేనే రంగు నిలుస్తుందమ్మా అని చెప్పాను. కాసేపు చూసి, "అయితే మీద శుభ్రమైన గుడ్డ కప్పు" అంది. ఆసిడ్ లేని పల్చటి కాగితం కప్పాను. గుడ్డ పోగులు పెచ్చులకి తగులుకుంటాయి.

మార్చి 15

ఫోటోల రోజు. మామూలు వెలుగులో, పక్క వెలుగులో, తర్వాత కింద నుంచి వెలుగు పంపి. ఆ మూడోది మర్చిపోలేను. లైట్ బాక్స్ మీద పటం పెట్టి గదిలో దీపాలార్పితే, రంగు రాలిన ప్రతి చోటా చుక్కల్లా వెలిగింది. ప్రభువు ముఖం చుట్టూ ఎక్కువ, గొలుసుల మీద తక్కువ. గొలుసుల నల్లరంగు గాజుని గట్టిగా పట్టుకుంది. తెల్లగుడ్డలో కుంచె గీతలు కనబడ్డాయి, ఎవరిదో చెయ్యి త్వరగా, తడబడకుండా మూడు నాలుగు సార్లు కిందికి లాగింది.

ఫ్రేము మెత్తచెక్క. వెనక పలక చేత్తో చెక్కినది, రంపపు గీతలు నిటారుగా లేవు. పలక అంచుల్ని మూసిన కాగితం పట్టీల్లో ఒకదాని మీద ముద్రించిన అక్షరాలున్నాయి, పాత జర్మన్ ఫ్రాక్టూర్ అచ్చు. ఏదో క్యాలెండరు ముక్క. నెల పేరు, చంద్రుడి గుర్తులు ఉన్నాయి, సంవత్సరం లేదు. దొరికింది అనుకున్నాను. రెస్టోరర్‌కి ఫోటో పంపితే, అది పటం వెనక ఎప్పుడు మూశారో చెప్పే కాగితం, ఎప్పుడు వేశారో చెప్పేది కాదు అన్నారు. పటాలు పదేపదే విప్పుతారు, మూస్తారు. నిజమే, నేనూ ఇప్పుడు విప్పాను కదా.

మార్చి 22

అడుగున పసుపు పట్టీ మీద అక్షరాలు. భూతద్దం కింద నాలుగు మిగిలాయి. మూడు వారాలుగా వాటిని చదవలేకపోయాను. ఈ రోజు ఫోటోని కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పి చూస్తే చివరి అక్షరం సరిగ్గా కూర్చుంది. అది 'ఎస్', ముందు నుంచి చూస్తే తిరగబడి కనబడుతుంది. ముందున్న మూడింటితో కలిపితే 'వీస్'.

గాజు వెనుక రాసేవాడికి ప్రతి అక్షరమూ అద్దంలోలా తిప్పి రాయాలి, అప్పుడే ముందు నుంచి సరిగ్గా చదవగలం. ఇతను మూడు అక్షరాలు సరిగ్గా తిప్పి, నాలుగోదాన్ని తిప్పడం మర్చిపోయాడు. లేదా ఆమె మర్చిపోయింది. ఈ పటాలు వేసినవి ఇళ్ళే, ఒకరు గీతలు గీస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని రంగులు నింపేవాళ్ళు.

వీస్ అంటే పచ్చిక బయలు. దక్షిణ జర్మనీలోని బవేరియాలో స్టైన్‌గాడెన్ ఊరి పక్కన ఉన్న ఒక చోటు పేరు. అక్కడి కథ ఇది. 1730లో స్టైన్‌గాడెన్ మఠంలో పవిత్ర శుక్రవారం ఊరేగింపు కోసం కొరడా దెబ్బలు తిన్న క్రీస్తు స్వరూపం ఒకటి తయారుచేశారు. పాత స్వరూపాల చెక్క ముక్కలు జతచేసి, కీళ్ళ దగ్గర నారగుడ్డ చుట్టి, రంగు వేశారు. కొన్నేళ్ళు ఊరేగించారు. 1734 తర్వాత ఆపేశారు, అది చూడటానికి మరీ జాలిగా ఉందని. అటక ఎక్కించారు. 1738లో మారియా లోరీ అనే రైతు ఇల్లాలు దాన్ని వీస్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. ఆ ఏడు జూన్ 14న దాని ముఖం మీద కన్నీటి చుక్కలు చూశామని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. జనం రావడం మొదలైంది. చిన్న ప్రార్థనాలయం చాలలేదు. 1745 నుంచి 1754 వరకు డొమినికుస్ జిమ్మర్‌మాన్ అక్కడ పెద్ద గుడి కట్టాడు, పైకప్పు బొమ్మలు అతని అన్న యోహాన్ బాప్టిస్ట్ వేశాడు. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఆ మఠం వాళ్ళు చూడలేక పక్కన పెట్టిన ముఖం ఇది. ఒక పల్లెటూరి ఇల్లాలు చూడగలిగింది. నా బల్ల మీద ఉన్నది ఆ ముఖానికి నకలు అని తెలిశాక ఈ పని నాకు వేరుగా అనిపిస్తోంది.

అయితే ఇక్కడే నేను పొరపడబోయాను. వీస్ అని తెలిసింది కాబట్టి పటం కూడా వీస్ చుట్టుపక్కలే పుట్టిందని నోట్‌బుక్‌లో రాసేశాను. రాత్రి కొట్టేశాను. యాత్రకెళ్ళినవాళ్ళు అచ్చు బొమ్మలు తెచ్చుకుంటారు, అవి చేతులు మారి ఎక్కడెక్కడికో పోతాయి. ఎంతో దూరాన ఉన్న గాజు పటాల ఇంట్లో అలాంటి అచ్చు బొమ్మను గాజు కింద పెట్టి గీతలు దించుకోవచ్చు. అలా దించుకుంటే ముందు నుంచి చూసేసరికి కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే కొన్ని గాజు పటాల్లో పునీతులు ఎడమ చేత్తో కత్తి పట్టుకుంటారు. ఈ బొమ్మ భక్తి ఎక్కడ పుట్టిందో చెబుతుంది. కుంచె ఎక్కడ పట్టుకున్నారో ఇంకా చెప్పలేదు.

మార్చి 30

ఈ వారం రోజూ ఆఫీసు అయ్యాక చదువుకున్నాను, శనివారం మూర్నావ్ వెళ్ళొచ్చాను.

గాజు పటాలు ఎక్కువగా పుట్టిన చోట్లు చాలానే ఉన్నాయి. ఆగ్స్‌బర్గ్ నగరంలో పనితనం సున్నితంగా, డబ్బున్న ఇళ్ళకి తగినట్టు ఉండేది. దక్షిణాన స్టాఫెల్‌జే సరస్సు చుట్టూ మూర్నావ్, జేహౌజెన్, ఉఫింగ్. ఇవి వీస్‌కి దగ్గర. తూర్పున బవేరియా అడవిలో రైముండ్స్‌రాయిట్. ఇంకా అవతల ఆస్ట్రియాలో జాండ్ల్, దాని పక్కనే బొహీమియా వైపు బుకర్స్. ఈ అడవి ఊళ్ళలోనే ఎందుకంటే, గాజు బట్టీలు అక్కడే ఉండేవి. బట్టీకి కట్టెలు కావాలి, గాజులో కలపడానికి బూడిద కావాలి, రెండూ అడవిలో దొరుకుతాయి. తయారైన పటాలను వీపున కట్టుకునే చెక్క చట్రాల్లో పేర్చుకుని తిరుగుళ్ళ వర్తకులు కొండలూ సరిహద్దులూ దాటించి అమ్మేవాళ్ళు.

బుకర్స్ ఇప్పుడు దాదాపు లేదు. చెక్ దేశంలో పొహోర్జీ నా షుమవే అనే పేరుతో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ మాట్లాడే జనాన్ని పంపేశారు, ఊరు ఖాళీ అయింది, గుడి కూలింది. ఇన్ని పటాలు పంపిన ఊళ్ళో గుడి కూడా నిలవలేదని చదివి ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.

నా పటంలో పై మూలల్లో ఎర్ర పువ్వులున్నాయి. ఏ అమ్మకందారుకి చూపించినా చూసీ చూడగానే జాండ్ల్ అంటాడు, మూల పువ్వులు ఆ ఊరి గుర్తుగా పేరుపడ్డాయి. కానీ బుకర్స్‌లోనూ అలాగే వేశారు. పనివాళ్ళు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పెళ్ళిళ్ళ మీద, బతుకుతెరువు మీద వెళ్ళారు. గీతల కాగితాలు కూడా వాళ్ళతో వెళ్ళాయి. ఆ కాగితాన్ని రిస్ అంటారు. ఒకే రిస్ మీద ఎన్ని పటాలైనా వేయొచ్చు. కాబట్టి పువ్వుల్ని చూసి ఊరు రాయను.

మూర్నావ్‌లో చిత్రకారిణి గాబ్రియేలె మ్యూంటర్ ఇల్లు చూశాను. ఆమె, చిత్రకారుడు కాండిన్‌స్కీ 1908లో ఆ ఊరికి వచ్చారు, 1909లో ఆమె ఆ ఇల్లు కొంది. క్రోట్జ్ అనే బీరు తయారీదారు దగ్గర గాజు పటాలు పెద్ద సంఖ్యలో చూసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు. హైన్రిష్ రాంబోల్డ్ అనే స్థానిక పనివాడు అప్పటికింకా ఈ పని చేస్తున్నాడు, మ్యూంటర్ అతని దగ్గరే నేర్చుకుంది. 1912లో వాళ్ళ కళాకారుల బృందం తెచ్చిన 'బ్లూ రైడర్' అనే కళా సంకలనంలో ఈ పల్లె పటాల ఫోటోలు కూడా వేశారు. క్రోట్జ్ సేకరణ ఇప్పుడు ఓబరామర్‌గావ్ మ్యూజియంలో ఉంది. అప్పటికే రంగుల అచ్చు బొమ్మలు చవగ్గా వచ్చేసి గాజు పటాల పని చాలావరకు ఆగిపోయింది. కళాకారులు గుర్తించేసరికి కళ చివరి మెట్టు మీద ఉంది.

ఏప్రిల్ 5

రెస్టోరర్ స్టూడియోలో ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష. చేత్తో పట్టుకునే తుపాకీలా ఉంటుంది పరికరం. రంగుకి దగ్గరగా పెడితే ఎక్స్‌రే తగిలి, ఒక్కో మూలకం తన సొంత సంకేతాన్ని వెనక్కి పంపుతుంది. రంగు గీకాల్సిన పని లేదు, పెచ్చు తీయాల్సిన పని లేదు. అందుకే ఒప్పుకున్నాను.

తెలుపులో సీసం. రక్తపు ఎరుపులో పాదరసం, అంటే ఇంగిలీకం. నీలంలో ఇనుము, అంటే ప్రష్యన్ బ్లూ అనుకోవచ్చు. ఆ నీలం 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. ఎక్కడా జింకు కనబడలేదు. జింకు తెలుపు నూనె రంగుల్లోకి 19వ శతాబ్దం మధ్యకి వచ్చింది. పల్లె పనివాళ్ళు పాత సరుకే ఎక్కువకాలం వాడి ఉండొచ్చు కాబట్టి జింకు లేనంత మాత్రాన గట్టిగా ఏమీ తేలదు. వీస్ భక్తి 1738 తర్వాతిది కాబట్టి పటం అంతకు ముందుది కాదన్న గీత గట్టిది, ఎప్పటిలోపు వేశారన్న గీత మెత్తనిది.

ఎడమ భుజం వెనక నీలంలో ఒక ముక్క మాత్రం వేరు. అక్కడ టైటానియం వచ్చింది. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. అంటే ఆ తర్వాత ఎవరో ఈ పటం విప్పి, ఊడిన చోట తమకి దొరికిన రంగు వేశారు. రంగు సరిగ్గా కలవలేదు, కొంచెం ముద్దగా ఉంది. రెస్టోరర్ తీసేద్దామా అని అడిగారు. వద్దన్నాను. దాని కింద పాత రంగు ఏమీ లేదు. పటం పోతుందనే భయంతో ఎవరో చేసిన పని అది, నేనూ అదే భయంతో ఇక్కడ కూర్చున్నాను.

గాజు మీద పెడితే పొటాషియం, కాల్షియం బాగా వచ్చాయి. బూడిద కలిపి చేసిన అడవి గాజు. మందం ఒక మూల 1.3 మిల్లీమీటర్లు, ఇంకో మూల 1.9. బుడగలన్నీ ఒకే దిక్కుకి సాగి ఉన్నాయి, ఊది గొట్టంలా సాగదీసి, చీల్చి, పరిచి చేసిన పలక.

ఏప్రిల్ 13, మ్రానికొమ్మల ఆదివారం

ఈ పటాన్ని చూస్తూ కూర్చుంటే చాలదనిపించి, నేనే ఒకటి వేసి చూద్దామనుకున్నాను. గుడి నుంచి వచ్చాక కొత్త గాజు పలక తీసుకుని, నా పటం ఫోటో కింద పెట్టి మొదలుపెట్టాను.

మొదట నల్ల గీతలు. కనుబొమలు, ముక్కు, గొలుసు కడియాలు. గాజు మీద కుంచె జారుతుంది, కాగితంలా పట్టుకోదు. గీత సన్నగా రావాలంటే చెయ్యి ఆపకూడదు. ఆపిన చోట బొట్టు కడుతుంది. పాత పటంలో గొలుసు కడియాలు చూస్తే ఒక్క బొట్టు లేదు, అన్నీ ఒక్క ఊపులో తిప్పినవే. ఎన్ని వందల గొలుసులు వేసిన చెయ్యో అది.

గీతలు ఆరాక అసలు విషయం తెలిసొచ్చింది. ఇప్పుడు చర్మం రంగు వేయాలి కదా అని కుంచె ముంచాను, ఆగిపోయాను. గాయాలు చర్మం మీద ఉన్నట్టు కనబడాలి. ముందు నుంచి చూస్తే మొదట కనబడేది మొదట వేసినదే. అంటే రక్తపు చుక్కలు ముందు వేయాలి. ఒంటి మీది ప్రతి గాయమూ, ఒళ్ళు ఇంకా లేనప్పుడే, ఖాళీ గాజు మీద పెట్టాలి. కంటి మెరుపు ముందు, కన్ను తర్వాత. కన్నీటి చుక్క ముందు, చెంప తర్వాత.

వెంటనే లేచి పాత పటాన్ని భూతద్దంతో చూశాను. ఛాతీ మీద దెబ్బల ఎరుపు గాజుకి ఆనుకుని ఉంది, దాని మీదుగా లేత చర్మం రంగు ఒక్క పూతగా వెళ్ళింది. ఒకచోట ఎరుపు పూర్తిగా ఆరకుండానే పైపూత వేశారు. ఎరుపు కొంచెం సాగి, చర్మంలోకి గులాబీ రంగుగా కలిసింది. అది అనుకుని చేసినది కాదు, తొందర. కానీ ఆ దెబ్బ మిగతావాటికంటే నిజమైన దెబ్బలా ఉంది.

నా పలక మీద 23 చుక్కలు పెట్టాను, ఇంకా ఏ ఒళ్ళూ లేని గాజు మీద. ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఈ తపస్సు కాలంలో నేను చేసిన ప్రార్థనల్లో నాకు గుర్తుండిపోయేది ఇదే. ఆ పటం వేసినవాళ్ళు రోజుకి ఎన్ని వేసేవారో, వేసేటప్పుడు వాళ్ళకి ప్రార్థన గుర్తుండేదో కూలి గుర్తుండేదో, కానీ చెయ్యి మాత్రం ఈ వరసలోనే వెళ్ళింది.

నా బొమ్మ బాగా రాలేదు. ముఖం వంకర పోయింది, దిద్దడానికి లేదు, మొదటి పొరలో తప్పు జరిగితే పైన ఎంత వేసినా అదే కనబడుతుంది. అక్షరాల దగ్గర నేను కూడా 'ఎస్' తిప్పడం మర్చిపోయాను. రెండు సార్లు రాస్తే రెండు సార్లూ.

ఏప్రిల్ 18

పవిత్ర శుక్రవారం. పని ముట్టలేదు. గుడిలో సిలువ మార్గం.

మే 3

ఊడిన రంగుని తిరిగి అతికించే పని. స్టూడియోలో, రెస్టోరర్ పక్కన ఉండగా. మొదటి గంట ఆవిడే చేశారు, తర్వాత మైక్రోస్కోపు కింద నాకు కొంచెం కొంచెం ఇచ్చారు.

వాడింది పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్, బాగా పల్చగా కరిగించినది. కావాలంటే మళ్ళీ కరిగించి తీసేయొచ్చు, కాలంతో అంతగా పసుపెక్కదు. నీటి జోలికి వెళ్ళనే లేదు, మార్చి 4న ఏమైందో నాకు గుర్తుంది. మూడు నాలుగు వెంట్రుకల కుంచెతో ఊడిన పెచ్చు అంచున ఒక చుక్క తాకించాలి. చుక్క తనంతట తానే పెచ్చు కిందికి పాకుతుంది. మనం నొక్కకూడదు, లాగకూడదు, తాకించి ఆగాలి. ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలాలి.

పలక కింద చిన్న అద్దం పెట్టారు, పని వెనక నుంచి చేస్తుంటే ముందు ఎలా మారుతోందో కనబడటానికి. ముఖం పక్కన పెద్ద బూడిద మచ్చ ఉందని రాశాను కదా. దాని అంచున చుక్క తాకించి అద్దంలో చూస్తున్నాను. వెండి మచ్చ లోపల ఒక చీకటి గీత మొదలై, మెల్లగా వెడల్పయి, నీలం అయింది. గాలి ఉన్న చోటు రెజిన్ నింపుకుంటూ వెళ్తోంది, రంగు తిరిగి గాజుని పట్టుకుంటోంది. నీలం అంచు చెంప దాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత చెంప. అక్కడ ఒక చిన్న తెల్లటి చుక్క కనబడింది. మార్చి నుంచి రోజూ చూస్తున్న ముఖం మీద అది ఉందని ఇప్పటిదాకా తెలీదు. కన్నీటి చుక్క.

ఆవిడ కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

జూన్ 14న కన్నీళ్ళు చూశామని చెప్పిన ఆ ఇంటి కథని ఈ పటం వేసినవాళ్ళు విన్నారు. అచ్చు బొమ్మలోంచి దించుకున్నారో, విని తామే కలిపారో. ఏదైనా కానీ ఆ చుక్క చెంపకంటే ముందు పెట్టారు.

మే 18

ఇంకో రెండు విడతలు స్టూడియోకి వెళ్ళొచ్చాను. పెచ్చులన్నీ నిలబడ్డాయి. మిగిలింది మోకాలి దగ్గరి ఖాళీ. నాలుగు రోజులు దీని గురించే టెన్షన్.

గాజు మీద కొత్త రంగు వేస్తే అది పాత రంగు పక్కన శాశ్వతంగా కూర్చుంటుంది. అలాగే వదిలేస్తే చూసేవాళ్ళ కన్ను ముఖం మీదికి వెళ్ళకుండా మోకాలి దగ్గరే ఆగుతుంది. రెస్టోరర్ మధ్య దారి చూపించారు. గాజుని ముట్టకుండా, వెనక విడిగా ఒక కాగితం పెట్టి, ఖాళీకి సరిపోయే చోట మాత్రం చర్మం రంగు వేయడం. ముందు నుంచి చూస్తే ఖాళీ కనబడదు, వెనక విప్పితే కాగితం చేతికొస్తుంది. మూడు కాగితాలు పాడయ్యాయి, నాలుగోది కుదిరింది. చుట్టూ ఉన్న రంగుకంటే కొద్దిగా లేతగా ఉంచాను, దగ్గరికొచ్చి చూసినవాళ్ళకి అతుకు తెలియాలి.

అక్షరాల్లో రాలినవి మాత్రం నింపలేదు. తిరగబడిన 'ఎస్' అలాగే ఉంది.

మే 25

తిరిగి ఫ్రేములోకి. గాజు అంచుకీ చెక్కకీ మధ్య మెత్తటి పట్టీ. రంగుకీ వెనక పలకకీ మధ్య ఖాళీ, ఇంతకుముందు పలక రంగుని రాసుకుంటూ ఉండేది. పాత మేకులు కొట్టలేదు, సుత్తి దెబ్బకి పెచ్చులు మళ్ళీ లేస్తాయి. స్క్రూలతో చిన్న క్లిప్పులు బిగించాను. పాత పలక, క్యాలెండరు కాగితం ముక్కలు, ఆ నీలం దూది ఉన్న సీసా, అన్నీ ఒక పెట్టెలో పెట్టాను. పటం ఎక్కడికి వెళ్తే పెట్టె అక్కడికి వెళ్ళాలి.

వెనక అతికించడానికి చీటీ రాశాను, పెన్సిల్‌తో. దీని మీద గంటకు పైనే పట్టింది. ఇలా రాశాను:

"గొలుసులతో క్రీస్తు, వీస్ స్వరూపానికి నకలు. అడవి గాజు వెనుక రంగులు. వేసినవారు తెలియదు. వేసిన చోటు తెలియదు; మూల పువ్వులు జాండ్ల్, బుకర్స్ వైపు చూపిస్తాయి, ఋజువు లేదు. 1738 తర్వాత. భుజం వెనక నీలం 1920 తర్వాతి మరమ్మతు. మోకాలి దగ్గర రంగు విడి కాగితం మీదది, తీయవచ్చు. మెట్ల పక్క గోడ మీద ఉండేది."

చివరి వాక్యం అవసరమా అని రెస్టోరర్ అడిగారు. ఉంచాను. ఈ పటం గురించి ఒక మనిషి నోటి నుంచి నేరుగా విన్న మాట అదొక్కటే.

జూన్ 14

వీస్ వెళ్ళాను. పటాన్ని తీసుకెళ్ళలేదు, ఫోటో తీసుకెళ్ళాను. బస్సు దిగితే పేరుకి తగ్గట్టు చుట్టూ పచ్చిక, మధ్యలో గుడి. లోపల తెలుపు, బంగారం, పైకప్పు నిండా ఆకాశం. ఇంత వెలుగు మధ్య ఆ స్వరూపం చిన్నగా ఉంది, పెద్ద పీఠం మీద, గొలుసులతో. గుడి అంతా ఆ చిన్న బొమ్మ కోసం కట్టింది అని తెలిసి చూసినా కళ్ళు ముందు పైకప్పుకే వెళ్ళాయి. తర్వాత కిందికి వచ్చాయి.

ముందు వరసలో కూర్చుని ఫోటో పక్కన పెట్టుకుని చూశాను. నా పటంలో ఛాతీ వెడల్పు, ముఖం గుండ్రం, గొలుసులు మరీ లావు. అక్కడివి సన్నవి. వేసినవాళ్ళు ఈ గుడికి ఎప్పుడూ రాలేదని నాకనిపించింది. గొలుసుల్ని మాత్రం బాగా ఎరిగినవాళ్ళు.

పక్కన ఒక అమ్మాయి కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చి ఫోటో చూసి, ఇది ఇక్కడిదేనా అని అడిగింది. ఇక్కడి ప్రభువే, పటం ఎక్కడిదో తెలీదు అన్నాను. ఆమె ఫోటో చేతిలోకి తీసుకుని చెంప మీది చుక్కని చూపుడు వేలితో చూపించింది. "ఇది కన్నీరు కదా" అంది.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. తేమ మీటరు 46 చూపిస్తోంది. పటాన్ని ఎండ పడని గోడకి, కంటి ఎత్తులో తగిలించి అమ్మకి ఫోటో పంపాను.